కొత్త సంచిక మీద కండక్టరు మాట

నా మొగుడికి బొమ్మల కథల పిచ్చి. పెళ్ళిచూపులప్పుడు ఈ సంగతి మావాళ్ళెవరూ కనుక్కోలేదు. పిల్లవాడు తాగడు, పేకాడడు, ఆదివారం తప్పకుండా చర్చికి పోతాడు అని విచారించుకొని వచ్చి, ఇంకేం కావాలి అన్నారు. కాపురానికి వచ్చాక చీరలు సర్దుకుందామని ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే పైనుంచి అడుగుదాకా పుస్తకాలే. కత్తులు, గుర్రాలు, ముసుగు మనుషులు. ఆ రోజు నుంచి నా చీరలు దండెం మీదే ఉన్నాయి.

ఆయన పేరు జ్ఞానప్రకాశం. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు మీదుగా పులివెందులకు పోయే బస్సులో కండక్టరు. నేను జమ్మలమడుగు మిషన్ స్కూల్లో టీచరును. మిషన్ కాంపౌండులోనే రెండు గదుల ఇల్లు మాది. మీసాలు పెంచిన మనిషి, ఆరో తరగతి చదివే కూతురున్న మనిషి, మద్రాసు నుంచి ‘వజ్రకేతు’ కొత్త సంచిక రావడం ఆలస్యమైతే అన్నం సయించక తిరిగేవాడు. నేను ఎంత వెక్కిరించినా పట్టించుకునేవాడు కాదు. అయితే ఆయన డ్యూటీకి పోయాక ఆ పుస్తకాలు నేనూ చదివేదాన్ని. ఆయనకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఒక్కనాడూ అడగలేదు.

ఆ ఏళ్ళలో మా వైపు నోరు తెరిస్తే ఏదో ఒక వైపు చేరినట్టే. ఒకే ఊళ్ళో మిట్ట మీద ఇళ్ళున్నవాళ్ళది మీది ఇండ్ల వర్గం, వంక పక్కన ఇళ్ళున్నవాళ్ళది కింది ఇండ్ల వర్గం. తగాదా ఎక్కడ మొదలైందో వాళ్ళకే గుర్తులేదు. చెరొక పార్టీ దొరికాక ఆ తగాదా మూడు తాలూకాలకు పాకింది. టీకొట్టులో నవ్వినా, ఎవరి మాటకు నవ్వావని అడిగే రోజులు. ఆయన బస్సులో రెండు వర్గాలవాళ్ళూ ఎక్కేవాళ్ళు. అందరికీ టిక్కెట్లు కొట్టేవాడు, అందరితోనూ మాట్లాడేవాడు. మాట్లాడేది మాత్రం బొమ్మల కథల గురించే.

“పార్టీ లేని మాట ఇదొక్కటే మిగిలింది మ్మే,” అనేవాడు నాతో. “వజ్రకేతు ఏ పార్టీ? చెప్పు చూద్దాం.”

ప్రొద్దుటూరు బస్టాండులో సిరాజుద్దీన్ పుస్తకాల బంకు ఉండేది. అమ్మేవి అమ్మేవాడు, అద్దెకిచ్చేవి అద్దెకిచ్చేవాడు. అక్కడొక ఆనవాయితీ ఉంది. మద్రాసు నుంచి కట్ట వస్తే మా ఆయన బస్సు వచ్చేదాకా విప్పడు. ఈయన దిగి, కట్ట విప్పి, పై పుస్తకం తీసి నిలబడే చదివేవాడు. టీ చల్లారేది. డ్రైవరు పాలయ్య హారన్ కొట్టేవాడు. చుట్టూ కాలేజీ పిల్లలు, బట్టల షాపుల గుమాస్తాలు, కోర్టు టైపిస్టు కోదండపాణి. ఆఖరి పేజీ మూసి, ఈయన తీర్పు చెప్పేవాడు. ‘కొనొచ్చు’ అంటే ఆ పూట బంకులో పుస్తకం మిగిలేది కాదు. ‘అద్దెకు చాలు’ అంటే అద్దెకే పోయేది. ‘అట్ట చూసి పెట్టేయొచ్చు’ అంటే సిరాజుద్దీన్ తల పట్టుకునేవాడు.

“ఈ నెల బొమ్మలేసినోడు మారినాడబ్బా,” అనేవాడు. “గుర్రానికి కాళ్ళు ఏసేది రాదు వీనికి. అందుకే యాడ చూసినా గడ్డి పెంచినాడు. ఎడారిలో గడ్డి ఏందిరా నాయనా!” ఇంకోసారి, “విలన్‌కు పనే లేదు. ఊరికే కొండ మీద కూర్చుని నవ్వుతాండాడు. పనిలేనోణ్ణి కొడితే హీరోది ఏం గొప్ప?”

కోదండపాణి ఒప్పుకునేవాడు కాదు. కథకు మాటలే ప్రాణమని ఆయన, బొమ్మే ప్రాణమని ఈయన. వాళ్ళిద్దరిదీ ఏళ్ళ తరబడి ఇదే జగడం. పండుగకు ఆయన ఇంటి నుంచి మాకు పులిహోర, క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి ఆయనకు కేకు. జగడం మాత్రం తెగలేదు.

ఆ ఎండాకాలం ఎలక్షన్లు వచ్చాయి. మీది ఇండ్ల పెద్దాయనను అంతకుముందు ఏడు చంపేశారు. ఆయన కొడుకు సీటు తెచ్చుకున్నాడు. జనం చిన్నాయన అనేవాళ్ళు. బడికి సెలవులివ్వబోయే ముందు ఒక సాయంత్రం కోదండపాణి మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ గడప దాటకముందే వాదన మొదలుపెట్టే మనిషి, గమ్మున కూర్చున్నాడు.

“ఏమైంది పాణీ?” అన్నాడు మా ఆయన.

“పెద్దాయన కథ బొమ్మల పుస్తకంగా ఏస్తాండారు ప్రకాశం. ఓట్లకు ఊరూరా పంచుతారంట. సినిమా బ్యానర్లు రాసే హుమాయున్ బొమ్మలు. మాటలు... నన్ను రాయమన్నారు.”

“రాయనని చెప్పకపోయినావా?”

“కోర్టు కాడికి జీపు పంపిచ్చినారు. ఏమని చెప్పేది?” అన్నాడు. తరవాత ఆయన మొహంలో నాకు నచ్చని వెలుగు ఒకటి వచ్చింది. “భయపడే ఒప్పుకున్నా. కానీ అచ్చులో నా మాట పడేది ఇదే మొదటిసారి. బాగానే వచ్చిందనుకుంటాండా. నువ్వు చదివి చెప్పల్ల.”

“నాకు చూపించొద్దు పాణీ,” అన్నాడు ఈయన. “దండం పెడ్తా, నాకు మాత్రం చూపించొద్దు.”

సెలవులిచ్చాక నేనూ మా కూతురు సుగుణా వేముల పక్కన మా అమ్మ ఊరికి బయలుదేరాం. ఆయన బస్సే. ప్రొద్దుటూరులో బస్సు ఆగేసరికి సిరాజుద్దీన్ బంకు ముందు జీపు ఉంది. ఐదారుగురు మనుషులు. వాళ్ళ మధ్య కొత్త చొక్కా వేసుకుని కోదండపాణి. బల్ల మీద పురికొస కట్టిన పుస్తకాల కట్ట.

“ప్రకాశమన్నా,” అన్నాడు సిరాజుద్దీన్. “ఈ కట్ట గూడ నువ్వే విప్పల్లంట.”

జీపు మనుషుల్లో తెల్ల లుంగీ కట్టినవాడు నవ్వుతూ చెప్పాడు. “కండక్టరప్ప బాగుందంటే ఊరు ఊరంతా చదువుతాదంట గదా. అందుకే కాసుకోనుండాం.”

నేను సుగుణను సీట్లో కూర్చోబెట్టి దిగాను. పుస్తకం పేరు ‘పెన్నొడ్డు పులి’. అట్ట మీద పెద్దాయన, వెనక పార్టీ జెండా. లోపల విలన్‌కు ఏదో పేరు మార్చి పెట్టారు గానీ, ఆ గుబురు కనుబొమలు, పక్కకు వంచిన తల చూస్తే కింది ఇండ్ల నాయకుడని పసిపిల్లకైనా తెలుస్తుంది. మా ఆయన నిలబడి చదువుతున్నాడు. నేను పుస్తకం చూడలేదు, ఆయన మొహం చూస్తున్నాను. సగం చదివాక ఆయన అక్కడ వేలు అడ్డం పెట్టి రెండు పేజీలు వెనక్కి తిప్పాడు. ఎక్కడో తప్పు దొరికితే తప్ప ఆయన వెనక్కి తిప్పడు.

“బాగుందని చెప్పయ్యా, పోదాం,” అన్నాను గొంతు తగ్గించి.

ఆయన విన్నాడు. పుస్తకం మూసి, “బాగుంది,” అన్నాడు.

పాలయ్య హారన్ కొట్టాడు. అంతటితో అయిపోయేదే. కోదండపాణి అవనిచ్చాడా? ఎన్నేళ్ళుగానో ఎవరెవరి రాతల మీదనో ఈ మనిషి తీర్పు విని విని, ఇప్పుడు తన రాత ఆ చేతిలో ఉంది. జీపు మనుషుల సంగతే మరిచిపోయాడు.

“ఉత్త బాగుందేనా?” అన్నాడు చేయి పట్టుకుని. “అసలు మాట చెప్పు ప్రకాశం. వజ్రకేతుకు చెప్పినట్ట చెప్పు.”

పిచ్చివాళ్ళు. ఇద్దరూ పిచ్చివాళ్ళే. అడిగినవాడికి తెలియలేదు, చెప్పినవాడికీ తెలియలేదు. ఈయన మొహంలో జాగ్రత్త అంతా పోయి, పాత మనిషి వచ్చేశాడు.

“అసలు మాటంటే పాణీ, మాటలు ఎక్కువైనాయి. కత్తి దూస్తాండేది బొమ్మలో కనపడ్తానే ఉండాది. మళ్ళా కత్తి దూసినాడని కింద రాసేది ఎందుకు? ఇంగ హీరో. అన్ని బొమ్మల్లో ఒకటే మొగం. హుమాయున్ తప్పు కాదులే, దండ ఏసిన ఫోటో చూసి గీసినాడు పాపం. కత్తి పట్టుకున్నా అదే మొగం, బిడ్డనెత్తుకున్నా అదే మొగం. విలన్ ఉండాడే, వాడు కుదిరినాడు. మనిషిని కండ్లతో చూసి గీసినాడు. నడకుంది, నవ్వుంది, బీడీ పట్టుకునేదాంట్లో ఒక తీరుంది. పుస్తకం మూసినాక మనసులో నిలబడేది వాడే.”

వెనక నుంచి ఎవరో అలవాటు కొద్దీ అడిగారు. “అయితే కొనల్లనా, అద్దెకు చాలునా అన్నా?”

“అట్ట చూసి పెట్టేయొచ్చు.”

ఒక కుర్రాడు నవ్వాడు, ఆ వెంటనే మానేశాడు. కోదండపాణి మొహం పాలిపోయింది. తన రాత బాగాలేదన్నందుకు కాదు. ఏం అడిగాడో, ఎక్కడ అడిగాడో అప్పుడు తెలిసినట్టుంది.

తెల్ల లుంగీవాడు మాత్రం కోపపడలేదు. ఆ పుస్తకం తీసి, మడత పడకుండా మా ఆయన టిక్కెట్ల సంచిలో పెట్టాడు.

“మంచిదప్పా. పోయిరా, బస్సుకు టైమైతాంది,” అన్నాడు.

బస్సు ముద్దనూరు దాటింది. ఆయన చిల్లర లెక్క చూసుకుంటున్నట్టు నా సీటు పక్కన నిలబడ్డాడు.

“నేను బొమ్మల మాట చెప్పినా మ్మే. పార్టీ మాట చెప్పలేదు.”

“ఆ పుస్తకం పార్టీదయ్యా!”

“ఎవురిదైతే ఏంది? పుస్తకం పుస్తకమే గదా.”

నాకు ఒళ్ళు మండింది. నలుగురిలో అరవలేక కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. అమ్మ ఇంట్లో ఉండబుద్ధి కాక, సుగుణ ఎంత మారాం చేసినా వినకుండా, తొందరగానే తిరిగి వచ్చేశాను.

తరవాతి ఆదివారం చిన్నాయన మిషన్ కాంపౌండుకు ఓట్లడగడానికి వచ్చాడు. ఆరాధన అయ్యాక పాస్టరుగారికి నమస్కారం పెట్టి, ముసలివాళ్ళ చేతులు పట్టుకుని, నేరుగా మా ఇంటికి వచ్చాడు. మజ్జిగ ఇచ్చాను. కుర్చీలో వెనక్కి వాలి తాగాడు. చదువుకున్న మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

“మా నాయన బొమ్మ కుదర్లేదంట గదా ప్రకాశమన్నా?”

“బొమ్మ గురించి తెల్సీ తెలీక ఏదో అన్నా,” అన్నాడు మా ఆయన.

“తెలీక ఏం కాదులే. నీకు తెలుసని అందరూ చెప్తాండారు. సరే, బొమ్మ పోతే పోనీ, నీ నోరు బాగుందంట. ఆ పుస్తకాలు నీ బస్సులో నువ్వే పంచు. చదివి వినిపించు. ఓట్ల దాకానే.” గ్లాసు కింద పెట్టి, తలుపు దగ్గర నిలబడ్డ సుగుణను చూశాడు. “పాప ఏం చదువుతాంది?”

“ఆరు,” అన్నాను నేను.

“బాగా చదువుకో మ్మా,” అని వెళ్ళిపోయాడు. అంతే. ఒక్క గట్టి మాట అనలేదు.

ఆయన వెళ్ళాక మా ఇంట్లో పెద్ద గొడవ అయింది. లీవు పెడతానన్నాడు ఈయన. లీవు పెడితే ఎదురు తిరిగాడంటారు అన్నాను. బదిలీ అడుగుతానన్నాడు. బదిలీ వచ్చేసరికి మనముంటామా అన్నాను.

“బాగలేనిదాన్ని బాగుందని చెప్పమంటావా వరమ్మా? ఇన్నేండ్లూ నా మాట మీద నమ్మకంతో ఒక్కొక్కడు కొనుక్కున్నాడు.”

“చెప్పు. అబద్ధమే చెప్పు. బొమ్మ బాగుంటే నాకేం, బాగలేకుంటే నాకేం? నువ్వు బతికుంటే చాలు నాకు.”

ఆ మాట అన్నందుకు నేను ఇప్పటికీ చింతించను. ఇంకోసారి ఆ రోజే వస్తే అదే చెబుతాను. ఆ ఏడు మా సీమలో అంతకంటే తెలివైన మాట ఏ పెళ్ళామూ మొగుడికి చెప్పి ఉండదు. అదీ పనికిరాలేదు.

ఎలక్షన్ డ్యూటీ శిక్షణకు ప్రొద్దుటూరు పిలిస్తే, ఆయన బస్సులోనే పోయాను. టిక్కెట్లు కొట్టడం అయ్యాక ఆయన ముందుకు పోయి, డ్రైవరు సీటుకు ఆనుకుని, పుస్తకం పైకెత్తి పట్టుకున్నాడు. “చూడండప్పా, బొమ్మలు శానా బాగా కుదిరినాయి. పెద్దాయన మొగంలో ఆ ఠీవి చూడండి,” అన్నాడు. పాఠం ఒప్పజెప్పే పిల్లవాడి గొంతు. పేజీ తర్వాత పేజీ చదివాడు. విలన్ వచ్చిన చోట, “వీడు దుర్మార్గుడు,” అన్నాడు. జనం ఒకరి మొహాలు ఒకరు చూడకుండా కిటికీల్లోంచి పొలాలు చూశారు. ఒకప్పుడు ఆయన నోటి వెంట గుర్రం కాళ్ళ గురించి వింటూ స్టాపు దాటిపోయిన జనమే.

నా పక్కన జానీబీ కూర్చుని ఉంది. మామిడిపండ్ల గంపతో రోజూ ఎక్కే ముసలామె. ఆయన దగ్గరికి వచ్చినప్పుడు చొక్కా పట్టి లాగింది.

“ఇంగ చాలు ఆపు నాయనా. ఈ బస్సులో కింది ఇండ్లోళ్ళు గూడ ఎక్కుతారు.”

“తెలుసు మ్మా,” అన్నాడు.

“తెలిసి ఎందుకురా మరి?”

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం ఉంటే బాగుండేది, తిట్టుకుని ఊరుకునేదాన్ని. నిష్ఠూరమేమీ లేదు. అలిసిపోయాడంతే.

ఆ నెల వజ్రకేతు వచ్చింది. సిరాజుద్దీన్ ఎప్పటిలాగే కట్ట విప్పకుండా ఉంచాడు. మా ఆయన బస్సు దిగి, టీ తాగి, బంకు వైపు పోకుండానే ఎక్కేశాడట. మరునాడూ అంతే. చివరికి సిరాజుద్దీనే విప్పుకుని, ఒక పుస్తకం పాలయ్య చేతికిచ్చి పంపాడు. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి సుగుణకిచ్చాడు.

“ఎట్లుంది నాయనా?” అంది అది ఆశగా.

“నువ్వే చదువుకో పాపా,” అని మంచం మీద వాలి కళ్ళ మీద చేయి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడే నాకు తెలిసింది, నేను కాపాడుకుంటున్నది సగం మనిషినే అని. సగమైనా చాలనుకున్నాను. దేవుణ్ణి అదే అడిగాను.

ఓట్లు అయిపోయాయి. మిగిలిన పుస్తకాలు జీపువాళ్ళు వచ్చి తీసుకుపోయారు. ఇంక అయిపోయిందని ఆ రోజు గుమ్మం ముందు నీళ్ళు చల్లి కూర్చున్నాం. సుగుణకు ఆయన గుర్రం బొమ్మ ఎలా వేయాలో చూపించాడు. ఎన్నో రోజుల తర్వాత నవ్వాడు.

ఓట్ల లెక్కింపు ఇంకా కాలేదు. మధ్యాహ్నం పూట పాలయ్య వచ్చాడు. మనిషి ఒళ్ళంతా దుమ్ము. టిక్కెట్ల సంచి గుండెకు అదుముకుని ఉన్నాడు. చూడగానే నాకు అర్థమైంది. అయినా చెప్పనిచ్చాను.

“కలమల్ల దాటినాక కల్వర్టు కాడ జీపు అడ్డం పెట్టినారమ్మా. మొగాలకు గుడ్డలు కట్టుకోనుండారు. కండక్టరు దిగల్ల అన్నారు. నేను తలుపు ఎయ్యబోయినా. ఆయప్పే వద్దన్నాడు. బస్సులో ఆడోళ్ళు, పిల్లోళ్ళు ఉండారు, దూరం పోదాం పాండి అని వాళ్ళతో చెప్పి దిగినాడు.”

“ఏమన్నా అడిగినారా పాలయ్యా?”

“మా నాయకుని బొమ్మ దుర్మార్గుడని ఊరూరా పంచింది నువ్వేనా అన్నారు. నేనే అన్నాడు. ఇంగేం చెప్పలే.”

పాలయ్య ఏడుస్తున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ నాయకుడి బొమ్మ బాగా కుదిరిందని, మనసులో నిలబడేది వాడేనని, నలుగురి ముందు నిలబడి చెప్పిన మనిషి మూడు ఊళ్ళలో నా మొగుడు ఒక్కడే. ఆ మాట మీది ఇండ్లవాళ్ళకు ఆ పూటే చేరింది. చేరవలసినవాళ్ళకు మాత్రం చేరలేదు. ఆయనైనా ఆ కల్వర్టు దగ్గర చెప్పుకోవచ్చు. ఎందుకు చెప్పుకోలేదో నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను, తెలియదు.

సమాధి తోటకు చిన్నాయన వచ్చాడు. పెట్టె మీద సిలువ గుడ్డ కప్పి ఉంది. ఆయన మనుషులు దాని మీద పార్టీ జెండా పరిచారు. నేను పాస్టరుగారి వైపు చూశాను. ఆయన తల దించుకుని బైబిలు తెరిచారు. జెండాతోనే మట్టి వేశారు. వారం తిరక్కుండానే చిన్నాయన గెలిచాడు. ఊళ్ళో టపాసులు కాలుతుంటే సుగుణ చెవులు మూసుకుని నా ఒళ్ళో పడుకుంది.

బడులు తెరిచారు. తొలకరి పడింది. ఒకరోజు బడి వదిలే వేళకు మా ఇంటి ముందు జీపు ఆగింది. చిన్నాయన దిగాడు, వెనకే కోదండపాణి. మనిషి సగమయ్యాడు. గడప దాటకుండా, నా మొహం చూడకుండా, ఒక పుస్తకం నా చేతిలో పెట్టాడు. ఇంకా అట్ట వేయని పుస్తకం, రంగు వాసన వస్తోంది.

“అన్న మీద పుస్తకం తెస్తాండాం అక్కా,” అన్నాడు చిన్నాయన. “పార్టీ కోసరం ప్రాణమిచ్చినోణ్ణి మరిచిపోతే ఎట్ల? నువ్వు చూసి సరే అంటే కొట్టిస్తాం.”

నిలబడే చదివాను. ఆయన మెడలో పార్టీ కండువా ఉంది. బస్సు మెట్టు మీద నిలబడి రొమ్ము విరుచుకుని పార్టీ పేరు చెప్పి నినాదమిస్తున్నాడు. అన్ని బొమ్మల్లోనూ ఒకే మొహం, మా పెళ్ళి ఫోటోలో మొహం. ఎదురుగా కింది ఇండ్ల నాయకుడు స్వయంగా కత్తి పట్టుకుని ఉన్నాడు. ఆఖరి పేజీలో నేను. నాలుగు తరాలుగా మా ఇంట్లో ఎవరూ పెట్టుకోని బొట్టు నా నుదుట రూపాయంత ఉంది, చెరిగిపోతోంది. గాజులు పగులుతున్నాయి. ఒక చేత్తో సుగుణను ముందుకు తోస్తున్నాను. నా నోటి దగ్గర కోదండపాణి రాసిన మాటలున్నాయి: ‘నా మొగుణ్ణి ఇచ్చినా. నా బిడ్డను గూడ పార్టీకే ఇస్తా.’

“ఎట్లుందక్కా?” అన్నాడు చిన్నాయన.

కోదండపాణి అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. కాదని చెప్పమ్మా అని వేడుకుంటున్నాడో, కాదనొద్దని వేడుకుంటున్నాడో తెలుసుకునే ఓపిక నాకు లేదు. సుగుణ బడిసంచి భుజాన వేసుకుని అప్పుడే లోపలికి వస్తోంది. ఈ ఏడు దానికి ఏడో తరగతి, పెద్దబడి. రోజూ మిషన్ కాంపౌండు దాటి రోడ్డు మీద నడిచి పోవాలి.

“బాగుందన్నా,” అన్నాను.

“ఏమన్నా మార్చల్లంటే చెప్పక్కా. మొగమాటం పడొద్దు.”

“ఏమీ లేదు. శానా బాగుంది.”

చిన్నాయన పుస్తకం తీసుకుని కోదండపాణికిచ్చాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, సుగుణ తల మీద చేయి పెట్టి నిమిరాడు. అది కదలకుండా నిలబడింది.